గిటార్ ట్యాబ్: సాఫ్ట్‌వేర్ రాసేది, మనిషి తేల్చాల్సింది

గిటార్ నేర్చుకునేవాళ్ల ముందు ఉండే కాగితం చాలాసార్లు స్వరలిపి కాదు, ట్యాబ్. ఆరు గీతలు, వాటి మీద అంకెలు, అంతే. ఒక్కో గీత ఒక్కో తీగ. ఆ తీగను ఎన్నో ఫ్రెట్ దగ్గర నొక్కాలో అంకె చెబుతుంది. వీణ తెలిసినవాళ్లకు ఫ్రెట్ అంటే మెట్టు. సున్నా ఉంటే ఎక్కడా నొక్కకుండా తీగను మీటాలి. కాగితం మీద అన్నిటికన్నా పై గీత సన్నని తీగది, అడుగు గీత లావు తీగది. ఇదంతా పది నిమిషాల్లో అర్థమవుతుంది. ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపి, అంటే స్టాఫ్ నొటేషన్, ధారాళంగా చదవడానికి నెలల సాధన కావాలి. ట్యాబ్‌కు ఉన్న ఆదరణకు మొదటి కారణం ఇదే.

అయితే ఈ రెండూ చెప్పే సంగతులు వేరు. ఏ స్వరం, ఎంతసేపు వినిపించాలో స్టాఫ్ చెబుతుంది. చెయ్యి ఎక్కడ ఉండాలో ట్యాబ్ చెబుతుంది. మ్యూజ్‌స్కోర్, గిటార్ ప్రో, సిబేలియస్, డోరికో వంటి సాఫ్ట్‌వేర్లలో ఒకటి రాస్తే రెండోది దానంతటదే వస్తుంది. ట్యాబ్ రాసి స్టాఫ్ రాబట్టుకుంటే ఫలితం దాదాపు ఎప్పుడూ సరిగానే ఉంటుంది. స్టాఫ్ రాసి ట్యాబ్ రాబట్టుకుంటే మాత్రం వచ్చిన అంకెలు లెక్కకు సరిపోయినా చేతికి అందకపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌తో ట్యాబ్ రాసేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఈ తేడానే.

ఒక స్వరం, ఆరు చోట్లు

గిటార్ తీగలను మామూలుగా లావు తీగ నుంచి సన్న తీగకు ఇ, ఎ, డి, జి, బి, ఇ స్వరాలకు శ్రుతి చేస్తారు. అన్నిటికన్నా సన్నదైన మొదటి తీగను ఊరికే మీటితే సుమారు 330 హెర్ట్జ్‌ల ‘ఇ’ పలుకుతుంది. అదే స్వరం రెండో తీగ మీద 5వ ఫ్రెట్‌లో ఉంది. మూడో తీగ మీద 9లో, నాలుగో తీగ మీద 14లో, ఐదో తీగ మీద 19లో కూడా ఉంది. 24 ఫ్రెట్లున్న గిటారైతే ఆరో తీగ మీద చిట్టచివరి ఫ్రెట్‌లోనూ దొరుకుతుంది. పియానోలో ఒక స్వరానికి ఒకే మెట, గిటార్‌లో ఒకే స్వరానికి ఆరు చోట్లు. ధ్వని స్వభావం మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వదిలి మీటిన సన్న తీగ గంటలా మోగితే, లావు తీగ మీద పై ఫ్రెట్‌లో అదే స్వరం మందంగా, గుండ్రంగా వస్తుంది.

కాబట్టి ‘మూడో తీగ, 9’ అని రాస్తే అది ఏ స్వరమో సాఫ్ట్‌వేర్‌కు సందేహం ఉండదు. ‘ఇ’ అని మాత్రమే రాస్తే ఏ తీగో అదే ఊహించుకోవాలి. ఎనిమిది స్వరాల చిన్న పదంలో ప్రతి స్వరానికి నాలుగు చోట్లున్నాయనుకుంటే మొత్తం 65,536 రకాలుగా వాయించవచ్చు. వాటిలో చేతికి సుఖంగా ఉండేవి కొన్నే. ఇది కంప్యూటర్ శాస్త్రంలోనూ ఒక సమస్యగా నిలిచింది. వేళ్ల కదలికకు ఖర్చు లెక్కగట్టి, అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యే దారిని వెతికే పద్ధతిని సమీర్ సాయెగ్ 1989లోనే ‘కంప్యూటర్ మ్యూజిక్ జర్నల్’లో ప్రతిపాదించారు. స్వరలిపి సాఫ్ట్‌వేర్లు సాధారణంగా అంత దూరం ఆలోచించవు. వీలైనంత చిన్న ఫ్రెట్ అంకె వచ్చే తీగను ఎంచుకుని ముందుకు పోతాయి.

ఆ సులువు మార్గం ఎక్కడ దెబ్బతింటుందో చూడండి. ‘డి’ మీటి, రెండోసారి మీటకుండా వేలితో ఫ్రెట్ మీద కొట్టి ‘ఇ’ పలికించాలి. గిటారిస్టులు దీన్ని హామర్-ఆన్ అంటారు. చిన్న అంకెలు వెతికే సాఫ్ట్‌వేర్ ‘డి’ని రెండో తీగ 3వ ఫ్రెట్‌లో, ‘ఇ’ని మొదటి తీగ సున్నాలో పెడుతుంది. రెండు అంకెలూ సరైనవే. వాటి మధ్య హామర్-ఆన్ గుర్తును కూడా అది అందంగా గీస్తుంది. కానీ హామర్-ఆన్ ఒకే తీగ మీద జరిగే పని. ‘ఇ’ని రెండో తీగ 5వ ఫ్రెట్‌కు మారిస్తేనే అది సాధ్యం. స్లయిడ్‌కూ, తీగను పక్కకు లాగే బెండ్‌కూ ఇదే వర్తిస్తుంది. పైగా ఏమీ నొక్కని తీగ మీద వేలితో వైబ్రాటో ఇవ్వడం కుదరదు. సాఫ్ట్‌వేర్ మాత్రం సున్నా మీద కూడా ఆ అలల గీతను మారుమాట లేకుండా వేసేస్తుంది.

సి, డి, ఇ, ఎఫ్, జి అనే ఐదు స్వరాల వరుసనే తీసుకుంటే, సాఫ్ట్‌వేర్ దాన్ని రెండో తీగ 1, 3, మొదటి తీగ 0, 1, 3 అని రాస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది బాగానే ఉంటుంది. అదే వరుసను మూడో తీగ 5, 7, రెండో తీగ 5, 6, 8 అని రాస్తే చెయ్యి మెడ మధ్యలో ఒకేచోట నిలుస్తుంది, ఏ స్వరాన్నయినా వణికించవచ్చు, లాగవచ్చు. ఏది సరైనదో ముందు వెనక ఏముందన్న దాన్నిబట్టి, వాయించేవాడి అనుభవాన్నిబట్టి తేలుతుంది. చెప్పుకోదగ్గ సాఫ్ట్‌వేర్లన్నిటిలోనూ స్వరం మారకుండా తీగను మాత్రం మార్చే ఆదేశం ఉంటుంది. ట్యాబ్ రాసేవాడికి దానంత పనికొచ్చే ఆదేశం మరొకటి లేదు. చిత్రంగా, చాలామంది చివరగా నేర్చుకునేదీ అదే.

వ్యవధి ఎక్కడ పోయింది

ట్యాబ్‌లో స్వరం ఎంతసేపు పలకాలో ఉండదన్నది పాత ఫిర్యాదు. ఆ లోపం పుట్టుకతో వచ్చింది కాదు. వెనిస్‌లో పెత్రూచి 1507లో అచ్చువేసిన స్పినాచినో ల్యూట్ పుస్తకం ఈ తరహా తొలి ముద్రిత గ్రంథం. అలాంటి పుస్తకాల్లో గీతల పైన కాలం గుర్తులు ఉండేవి. అప్పట్లో పద్ధతులు ఊరికొకటిగా ఉండేవి. ఫ్రెంచివాళ్లు అంకెల బదులు అక్షరాలు వాడారు. ఇటలీ పుస్తకాల్లో లావు తీగ పై గీత మీద ఉండేది. 1536లో స్పెయిన్‌లో లూయిస్ మిలాన్ ‘ఎల్ మాయెస్ట్రో’లో సన్న తీగను పైన పెట్టాడు. నేటి గిటార్ ట్యాబ్‌లోనూ వరుస అదే.

కాలం గుర్తులు ఇంటర్నెట్ తొలినాళ్లలో ఊడిపోయాయి. యూజ్‌నెట్ చర్చా బృందాల్లో అడ్డగీతలు, అంకెలు కీబోర్డుతో కొట్టి పాటలు పంచుకునేవారు. 1992లో నెవడా విశ్వవిద్యాలయం లాస్ వేగస్ ప్రాంగణంలో మొదలైన ఆన్‌లైన్ గిటార్ ఆర్కైవ్, పొట్టిగా ఓల్గా, వాటిని ఒకచోట చేర్చింది. మామూలు అక్షరాలతో వ్యవధి చూపడం కష్టం కనుక దాన్ని వదిలేశారు. పాట ముందే విని ఉన్నవాడికి అది పెద్ద లోటు కాదు. విననివాడికి ఆ అంకెల వరుసతో పాట రాదు.

సాఫ్ట్‌వేర్‌లో ఈ లోటు ఉండాల్సిన పని లేదు. ప్రతి అంకెకూ వ్యవధి ఇస్తేనే అది లోపలికి తీసుకుంటుంది. దాన్ని పైకి చూపించాలా వద్దా అన్నది వేరే నిర్ణయం. మ్యూజ్‌స్కోర్‌లో ఆరు తీగల ట్యాబ్ మూడు రూపాల్లో దొరుకుతుంది. మొదటిదానిలో అంకెలే ఉంటాయి, రెండోదానిలో స్వరాల కాడలు కనిపిస్తాయి, మూడోదానిలో విరామాలతో సహా అన్నీ ఉంటాయి. పైన స్టాఫ్, కింద ట్యాబ్ జంటగా వేస్తే ట్యాబ్‌లో కాడలు దాచేయడం మేలు, లేదంటే ఒకే విషయం రెండుసార్లు చెప్పినట్టవుతుంది. ట్యాబ్ ఒక్కటే వేస్తే కాడలు తప్పనిసరిగా ఉంచాలి. రాక్‌స్కూల్ గిటార్ పరీక్షల పుస్తకాలు జంట పద్ధతిలోనే ఉంటాయి. ట్యాబ్‌తో మొదలైన విద్యార్థి పైనున్న స్టాఫ్‌ను ఓరకంట చూస్తూ మెల్లగా దానికి అలవాటుపడతాడు.

వేళ్లతో మీటే శైలిలో మరో చిక్కుంది. బొటనవేలు లావు తీగ మీద రెండు మాత్రలు నిలిచే స్వరం మోగిస్తుంటే, మిగతా వేళ్లు సన్న తీగల మీద చకచకా రాగం పలికిస్తాయి. ఒకే వరుసలో రాస్తే రాగంలో తర్వాతి స్వరం రాగానే మంద్ర స్వరం ఆగిపోయినట్టు లెక్క. అందుకే సాఫ్ట్‌వేర్లు ఒకే స్టాఫ్ మీద వేర్వేరు ‘వాయిస్’లు ఇస్తాయి. మ్యూజ్‌స్కోర్‌లో అవి నాలుగు. పైవరుస కాడలు పైకి, బొటనవేలి వరుస కాడలు కిందికి పెడితే కాగితం చూడగానే పని విభజన కనిపిస్తుంది.

మొదలుపెట్టే ముందు

కొత్త ఫైల్ తెరిచినప్పుడు మొదట ‘గిటార్’నే వాద్యంగా ఎంచుకోవాలి, తర్వాత శ్రుతి సరిచూసుకోవాలి. లావు తీగను ‘ఇ’ నుంచి ‘డి’కి దించే డ్రాప్ డి శ్రుతిలో ఆరో తీగ మీద ప్రతి అంకె రెండు పెరుగుతుంది. పాటంతా రాసేశాక శ్రుతి మారిస్తే అంకెలు నిలిచి స్వరాలు మారాలా, స్వరాలు నిలిచి అంకెలు మారాలా అన్న ప్రశ్న వస్తుంది. ముందే తేల్చుకుంటే ఆ బాధ ఉండదు. కేపో బిగించిన పాటలో అంకెలను కేపో నుంచి లెక్కపెడతారు. రెండో ఫ్రెట్ మీద కేపో ఉంటే సున్నా అంటే అసలు మెడలో రెండో ఫ్రెట్ అన్నమాట. ఆ సంగతి కాగితం నెత్తిన రాయకపోతే రికార్డుతో కలిపి వాయించేవాడు తప్పు శ్రుతిలో తంటాలు పడతాడు.

అన్నిటికన్నా ఎక్కువ మందిని తిప్పలు పెట్టేది స్థాయి తేడా. గిటార్ సంగీతాన్ని స్టాఫ్ మీద నిజంగా వినిపించే దానికంటే ఒక స్థాయి పైన రాస్తారు. క్లెఫ్ గుర్తు కింద ఉండే చిన్న 8 దానికి సూచన. గాత్రానికో పియానోకో రాసిన రాగాన్ని తెచ్చి ట్యాబ్‌కు మార్చేటప్పుడు ఈ లెక్క తప్పితే, తొలి ఫ్రెట్లలో హాయిగా వచ్చే పాట 12 దాటిన ఫ్రెట్లలోకి ఎక్కేస్తుంది, లేదా కొన్ని స్వరాలు గిటార్‌కు అందకుండా కిందికి జారిపోతాయి. ట్యాబ్‌లో అకారణంగా 13, 15, 17 వంటి అంకెలు బారులు తీరితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

పియానో నుంచి తెచ్చేటప్పుడు కుదరనివీ కొన్ని ఉంటాయి. లావు తీగ వదిలి మీటితే వచ్చే ‘ఇ’, దాని పక్క ‘ఎఫ్’ మామూలు శ్రుతిలో ఆ ఒక్క తీగ మీదే ఉన్నాయి. రెండింటినీ ఒకేసారి మోగించే మార్గం గిటార్‌లో లేదు. అక్కడ కావాల్సింది మార్పిడి కాదు, పాటను గిటార్‌కు తగ్గట్టు మళ్లీ కూర్చడం.

తెలుగు పాట రాసేవాళ్లకు ఇంకో మాట. సాహిత్యాన్ని ట్యాబ్ కింద కాక స్టాఫ్ కిందే ఇవ్వాలి, యూనికోడ్ ఫాంట్ ఎంచుకోవాలి. పదాన్ని విడగొట్టేటప్పుడు తెలుగు అక్షరం దగ్గరే విడగొట్టాలి. ఇంగ్లిష్ పద్ధతిలో హల్లు దగ్గర తెంపితే ఒత్తు ఒకచోట, దాని అక్షరం మరోచోట పడతాయి.

అంకె చాలని చోట

ట్యాబ్ నుంచి స్టాఫ్‌కు మార్పు ‘దాదాపు’ ఎప్పుడూ సరిగా వస్తుందనడానికి కారణం ఉంది. 7వ ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే హార్మోనిక్, వదిలిన తీగ కంటే ఒక స్థాయీ ఒక పంచమమూ పైన పలుకుతుంది. నొక్కి మీటితే పంచమం మాత్రమే. కాగితం మీద రెండూ 7. అది హార్మోనిక్ అని గుర్తు పెట్టకపోతే స్టాఫ్‌లో తప్పు స్వరం పడుతుంది. బెండ్ సంగతీ అంతే. ఎంత లాగాలి, ఎంత వేగంగా, తిరిగి వదలాలా అన్నవి అంకెతో తెలియవు. ప్రోగ్రాములు కూడా ఇక్కడ చాలాకాలం తడబడ్డాయి. మ్యూజ్‌స్కోర్ 2023 డిసెంబరులో వచ్చిన 4.2 వెర్షన్‌లో బెండ్ల పద్ధతిని కొత్తగా కట్టింది. అంతకు ముందు దానిలో బెండ్ గీయడం ఒక పని, స్టాఫ్‌లో సరిగా కనిపించేలా చేయడం మరో పని.

స్వరాన్ని, చేతి కదలికను కలిపి రాయాలన్న అవసరం తెలుగు లిపిలో ఇంతకు ముందే కనిపించింది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో తెలుగులో ప్రచురించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ స్వరాల మీద గమక చిహ్నాలు పెట్టింది. వాటిని వీణ మీద చేతి కదలికలతో వివరించింది. తీగ మీద పైకి జారడం ఎట్రజారు, కిందికి జారడం ఇరక్కజారు. వాటికి ఆయన వాడిన గుర్తులు ఏటవాలు గీతలు. నేటి గిటార్ ట్యాబ్‌లో స్లయిడ్‌కు వాడేవీ అవే. ఒకే మెట్టు దగ్గర తీగను పక్కకు లాగి పై స్వరం రాబట్టే ఒదుక్కల్‌కు గిటార్‌లో బంధువు బెండ్. ఆ పుస్తకం ట్యాబ్ కాదు. ఏ తీగో, ఏ మెట్టో అది అంకెలో చెప్పదు. కానీ స్వరం రాస్తే చాలదని, అక్కడికి చెయ్యి ఎలా చేరాలో కూడా చెప్పాలని గుర్తించింది. త్యాగరాజ కృతిని గిటార్ ట్యాబ్‌లోకి ఎక్కించాలనుకునేవాళ్లు స్లయిడ్, బెండ్ గుర్తులతో కొంత దూరం రాగలరు. కంపితం దగ్గర మాత్రం అంకెల లిపి చేతులెత్తేస్తుంది. అక్కడ ట్యాబ్‌తో పాటు వినికిడి పాఠమూ ఉండాలి.

ఏ సాఫ్ట్‌వేర్, ఏ ఫైల్

ఫ్రెంచ్ సంస్థ అరోబాస్ మ్యూజిక్ 1997లో తెచ్చిన గిటార్ ప్రో ట్యాబ్ కోసమే పుట్టింది. దాని పాత ఫైళ్లు స్వరాన్ని కాకుండా తీగనూ ఫ్రెట్‌నూ దాచుకుంటాయి. జీపీ3, జీపీ4, జీపీ5 రకాల ఫైళ్లు ఇప్పటికీ నెట్‌లో కుప్పలుగా తిరుగుతున్నాయి. డబ్బు పెట్టకుండా వాటిని తెరవాలంటే టక్స్‌గిటార్ ఉంది, మ్యూజ్‌స్కోర్ కూడా తెరుస్తుంది. మ్యూజ్‌స్కోర్ ఉచితం, దాని సోర్స్ కోడ్ బహిరంగం. అదే పేరున్న స్వరలిపి పంపకాల వెబ్‌సైట్‌కు మాత్రం చందా ఉంది. ప్రోగ్రాముకే డబ్బు కట్టాలని చాలామంది పొరబడేది ఇక్కడే. 1996లో మొదలైన లిలీపాండ్ ఇంకో దారి. అందులో మౌస్ ఉండదు, స్వరాలను అక్షరాలుగా టైపు చేస్తే అచ్చుకు తగిన పేజీ తయారవుతుంది. పుస్తకం వేసేవాళ్లకు అది నచ్చుతుంది, రేపటి క్లాసుకు ఒక పేజీ కావాల్సినవాడికి నచ్చదు.

ఏది ఎంచుకున్నా పని ఆ ఒక్క ప్రోగ్రాములోనే చిక్కుకుపోకూడదు. 1988 నుంచి వాడుకలో ఉన్న ఫినాలే అభివృద్ధిని ఆపేస్తున్నట్టు 2024 ఆగస్టు 26న మేక్‌మ్యూజిక్ సంస్థ ప్రకటించింది. దశాబ్దాలుగా రాసుకున్న స్వరలిపిని వేరే చోటికి తరలించుకోవాల్సిన పని సంగీత దర్శకుల మీద, బడుల మీద పడింది. వాళ్లకు అక్కరకొచ్చింది మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్. 2004లో తొలి వెర్షన్ వచ్చిన ఈ ఉమ్మడి ఫైల్ పద్ధతిని ఇప్పుడు డబ్ల్యూ3సీ కింద పనిచేసే బృందం చూసుకుంటోంది. 2021లో 4.0 వెర్షన్ వచ్చింది. ఇందులో ప్రతి స్వరానికీ తీగ, ఫ్రెట్ రాసుకునే చోటు ఉంది, శ్రుతి రాసే చోటూ ఉంది. ఎగుమతి చేసే ప్రోగ్రాము ఆ చోట్లను నింపిందా అన్నదే చూసుకోవాలి. ఎగుమతి చేసిన ఫైల్‌ను మరో ప్రోగ్రాములో తెరిచి, పైన చెప్పిన హామర్-ఆన్ లాంటి రెండు మూడు చోట్ల తీగలు మారలేదని సరిచూసుకుంటే సరిపోతుంది.

మిడి ఫైల్ ఈ పనికి పనికిరాదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంగా అన్నదే దానికి తెలుసు, తీగ తెలియదు. ఒక్కో తీగను ఒక్కో ఛానల్‌లో రికార్డు చేసిన గిటార్ మిడి ఒక్కటే మినహాయింపు. పీడీఎఫ్ చదవడానికి బాగుంటుంది, దిద్దడానికి కాదు.

పంచుకునే ముందు చట్టం

ఓల్గా 2006లో మూతపడింది. సంగీత ప్రచురణకర్తల సంఘాల న్యాయవాదుల లేఖలే దానికి కారణం. విని రాసుకున్న ట్యాబ్ మాదే అన్నది అభిమానుల వాదన. పాట మాది కనుక ఏ లిపిలో రాసినా అనుమతి కావాలన్నది ప్రచురణకర్తల వాదన. భారత చట్టం రెండో వాదానికే దగ్గరగా ఉంది. 1957 కాపీరైట్ చట్టం ‘సంగీత రచన’ నిర్వచనంలో దాని లిఖిత సంకేత రూపాన్నీ చేర్చింది. సంగీత రచనను మళ్లీ కూర్చినా, మరో లిపిలోకి ఎక్కించినా దాన్ని ‘అనుసరణ’గా లెక్కిస్తుంది. ఆ హక్కు స్వరకర్తది లేదా ఆయన నుంచి పొందినవాళ్లది. ఆయన మరణించాక 60 ఏళ్ల దాకా అది ఉంటుంది. సొంత సాధన కోసం, పరిశోధన కోసం న్యాయబద్ధంగా వాడుకోవడానికి 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. నిన్నటి సినిమా పాటను ఇంట్లో ట్యాబ్‌గా రాసుకోవడం వేరు, దాన్ని నెట్‌లో అమ్మకానికి పెట్టడం వేరు.

1847లో కన్నుమూసిన త్యాగరాజు కృతులకు ఈ అడ్డు లేదు. ఎవరైనా ట్యాబ్ రాసి అచ్చువేసుకోవచ్చు. అయితే ఇప్పటి కళాకారుడెవరైనా వాటికి చేసిన కొత్త కూర్పును చూసి రాస్తే, ఆ కూర్పు మీద ఆయనకు హక్కుండవచ్చు.